నాలుగున్నర పాయింట్లు

సర్వేయరు రాయి పాతి వెళ్ళిన మూడో రోజు, సోమవారం పొద్దున్నే, మస్తానమ్మ ఒక కాగితాన్ని కొంగులో చుట్టుకుని మండలాఫీసు గోడ పక్కనున్న జిరాక్స్ బంకుకి వచ్చింది. ఆఫీసు ఇంకా తెరవలేదు. బంకులో రషీదా మిషను మూత ఎత్తి అద్దం తుడుస్తోంది. ఆమె తండ్రి బడేసాహెబ్ బయట స్టూలు మీద కూర్చుని ఎవరిదో పెళ్ళిపత్రిక ప్రూఫు దిద్దుతున్నాడు. నెల్లూరు ప్రెస్సుల్లో నలభై ఏళ్ళు అక్షరాలు పేర్చిన మనిషి. సీసం అక్షరాలు పోయాయి, ప్రెస్సులు పోయాయి, ఆయన మాత్రం పెన్సిలు చెవి మీద పెట్టుకుని కూతురి బంకు ముందు మిగిలాడు.

"అన్నా, ఈ కాయితం ఏం చెప్తా ఉండాదో చూడు," అని మస్తానమ్మ నేల మీదే కూలబడింది. "రాయి తెచ్చి నా కాలవకి ఇవతల పాతినాడు. కాలవ సుకుమార్ గుంటలోకి పోయిందంట. మా అత్త కాలం నుంచీ ఆ కాలవలో చెయ్యి కడుగుతా ఉండాం, ఇప్పుడు మాది కాదంట!"

గవ్వలపాళెంలో మస్తానమ్మకి ఎకరా వరి కయ్య ఉంది. దాని పక్కన సుకుమార్ రొయ్యలగుంట. రెంటికీ మధ్య, ఆమె హద్దులో, మంచినీళ్ళు తెచ్చే పిల్లకాలువ. సుకుమార్ హద్దు తేల్చమని అర్జీ పెట్టుకున్నాడు. శుక్రవారం సర్వేయరు పెంచలకృష్ణ వచ్చి, మూల రాయి దగ్గర్నుంచి టేపు పట్టి, కాలువకు ఇవతల కొత్త రాయి నాటాడు. ఇక సుకుమార్ తన గుంట కట్టని కాలువ మీదకు జరుపుతాడు. పొక్లయిను కూడా మాట్లాడుకున్నాడట, తొందర చూడండి.

"కాలవ పూడిస్తే నీళ్ళు యాడ నుంచి రావాలన్నా? ఆ గుంట ఉప్పునీళ్ళతో వరి పండిస్తానా నేను?"

బడేసాహెబ్ కాగితం విప్పాడు. సర్వేయరు ఆమెకి ఇచ్చిపోయిన, పాత కొలతల షీటుకి నకలు అది. కింద నోటీసు ముక్క గుండుసూదితో గుచ్చి ఉంది. హద్దు మీద ఆక్షేపణ ఉంటే బుధవారం సాయంత్రం అయిదు గంటల్లోగా రాతపూర్వకంగా తెలపాలి, లేకుంటే ఖరారు. ఆయన ఆ ముక్క రెండుసార్లు చదివి వినిపించాడు.

"ఈ అంకెలేంది?"

"లింకులు. గొలుసుకి నూరు లింకులు, గొలుసంటే అరవై ఆరడుగులు. ఆ కాలపు కొలత. ఈ ఫారాలు మా ప్రెస్సులో వేలకు వేలు కొట్టినాం."

ఊరి దారి వెంట గీత మీద 600 అని స్పష్టంగా ఉంది. మూల రాయి నుంచి కాలువ దాకా మస్తానమ్మ కయ్య వెడల్పు చూపించే గీత మీద మాత్రం అంకె లేదు. అసలు షీటు మడత పడ్డచోట చెదలు తిన్నాయి. అక్కడ సర్వేయరు పెన్సిలుతో 437½ అని రాసుకున్నాడు. అంకె చెరిగిపోతే కాగితం మీద స్కేలు పెట్టి కొలుచుకుని, దాన్ని లింకుల్లోకి మార్చుకోవడం వాళ్ళకు అలవాటే. అడుగున స్కేలు రాసే ఉంది, అంగుళానికి రెండు గొలుసులని.

బడేసాహెబ్ చొక్కా జేబులోంచి ఇత్తడి స్కేలు తీశాడు. ఏ కాగితం చేతికొచ్చినా దాన్ని పెట్టి చూడకుండా ఉండలేడు. అచ్చుపనిలో అంగుళాన్ని ఆరు ఎమ్‌లు చేస్తారు, ఎమ్‌ని పన్నెండు పాయింట్లు చేస్తారు. అంకె లేని గీత వదిలేసి, అంకె ఉన్న గీత మీదే పెట్టాడు ముందు. తెలిసినదానితో మొదలుపెట్టాలనేది ఆయన పద్ధతి. ఆరు వందల లింకులంటే ఆరు గొలుసులు, ఆరు గొలుసులంటే మూడంగుళాలు, మూడంగుళాలంటే పద్దెనిమిది ఎమ్‌లు రావాలి.

పదిహేడున్నర వచ్చింది.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. గీత మొదట బొటనవేలు గోరు నొక్కి పెట్టి, చివర రెండో గోరు ఆనించి చూశాడు. పదిహేడున్నరే. "ఓరి వీడి దుంపతెగ!" అని పైకే అనేశాడు. చెవి మీది పెన్సిలు తీసి పెళ్ళిపత్రిక అంచున లెక్క వేశాడు. ప్రతి ముప్ఫయ్యారు పాయింట్లు ఉండాల్సినచోట ముప్ఫయ్యయిదే ఉన్నాయి. కాగితం మొత్తం కుదించుకుపోయింది. కుదించుకుపోయిన కాగితం మీద కొలిచి 437½ అన్నాడు సర్వేయరు. అసలు 450 ఉండాలి. పన్నెండున్నర లింకులు తక్కువ. కాగితం మీద చూస్తే నాలుగున్నర పాయింట్లు, కంటికి ఆనదు. ఈ స్కేల్లో ఒక పాయింటు నేల మీద ఇరవై రెండంగుళాలు. నాలుగున్నరకి ఎనిమిదడుగుల మూడంగుళాలు. అంటే కాలువ, కాలువ గట్టు, ఆ గట్టు మీద నడిచే దారి, అన్నీ.

ఎన్నేళ్ళకు తన స్కేలుకి పని పడింది! ఆయన మొహం వెలిగిపోయింది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. అప్పుడే కాగితం కుడి అంచున, పై నుంచి కిందికి, వెంట్రుకంత సన్నని నల్లగీత కనబడింది. ఆ గీతను ఆయన రోజూ చూస్తున్నాడు. మిషను డ్రమ్ము మీద గాటు పడింది, మార్పించు బిడ్డా అని నెల రోజుల నుంచి రషీదాని సతాయిస్తున్నది దాని గురించే.

ఈ కాగితం తన కూతురి మిషన్లోంచి వచ్చింది.

"ఏమన్నా తెలిసిందా అన్నా?" అంది మస్తానమ్మ.

బడేసాహెబ్ స్కేలు జేబులో పెట్టుకున్నాడు. "సూక్ష్మంగా చూడాలమ్మా. కాయితం ఉంచిపో. రేపు చెప్తా."

ఆమె లేచింది. పెద్దమనిషి చూస్తానన్నాడు గదా.

మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన కాగితం కూతురి ముందు పెట్టి సంగతి చెప్పాడు. రషీదా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"నేను నా ఇష్టానికి కొట్టినానా నాయనా? ఆఫీసు ప్రింటరు చెడిపోయి ఆర్నెల్లు. పాత షీట్లుండే పెన్‌డ్రైవు తెచ్చి ఇచ్చింది ఆ పెంచలకృష్ణే. ముందు సరైన సైజులోనే కొట్టినా. అంచులు తెగిపోతా ఉండాయక్కా, పేజీకి సరిపోయేటట్టు కొట్టు అన్నాడు. కొట్టినా. అది నొక్కితే కొలతలు తగ్గిపోతాయని నాకేం తెలుసు, ఆయప్పకు తెలవాల గానీ!"

"ఎన్ని కొట్టినావు?"

"గవ్వలపాళెం మొత్తం. రెండు వందల పన్నెండు షీట్లు."

బంకు గోడ ఆఫీసుది. కరెంటు తీగ ఆఫీసు లోపల్నుంచి వచ్చింది. పెట్టుకోమని నోటిమాటగా అన్నారే తప్ప ఒక్క కాగితం ముక్క రాసిచ్చిన పాపాన పోలేదు. ఎత్తేయమంటే సాయంత్రానికల్లా ఎత్తేయాలి.

"మస్తానమ్మకి చెప్తే ఆమె ఊరుకోదు," అంది రషీదా. "ఆఫీసు ముందర కూర్చోని అరుస్తాది. రషీదా మిషన్లో తప్పుందంట అని. ఇంక వాళ్ళు మనల్ని బతకనిస్తారా? నువ్వే ఆ సర్వేయరుకి చెవిలో చెప్పు. ఎవురి పేరూ రాకుండా ఆయనే దిద్దుకుంటాడు."

బడేసాహెబ్‌కి ఆ మాట నచ్చింది. నచ్చడానికి కారణం ఏమిటో ఆయనకు తెలుసు, తెలిసీ తెలియనట్టు చేతులు కడుక్కున్నాడు. పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకోవడం చదువుకున్నవాళ్ళకు బాగా చేతనవును.

మంగళవారం పెంచలకృష్ణ గ్రామ సచివాలయం మెట్ల మీద దొరికాడు. ఉద్యోగంలో చేరి ఏడాది. స్టీలు టేపు బయటికి లాగి, అంటిన బురదను పాతగుడ్డతో తుడుస్తూ, తుడిచినంతమేర లోపలికి చుట్టుకుంటున్నాడు. బడేసాహెబ్ కాగితం మోకాలి మీద పరిచి, 600 ఉన్న గీత చూపించి, "ఒక్కసారి నీ స్కేలు పెట్టు నాయనా," అన్నాడు.

అతను నవ్వుతూ పెట్టాడు. మూడంగుళాల గీత దగ్గరికి రాకుండానే సిరా గీత ఆగిపోయింది. స్కేలు తీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. నవ్వు పోయింది. ఆ కుర్రవాడు తెలివితక్కువవాడు కాదు. ఎవరూ విడమరచకుండానే అంతా అర్థమైపోయింది.

"నేను అంకె లేని గీత కొలిచినా గానీ, అంకె ఉన్నది కొలిచి చూసుకోలా పెద్దాయనా."

"ఔను."

"అట్టాంటివి పద్నాలుగు కయ్యలు కొలిచినా." టేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "ఈ కాయితం ఇంకెవురికీ చూపించొద్దు. నా ప్రొబేషను ఇంకా అయిపోలా. తాసిల్దారు మేడం గారితో నేను మాట్లాడతా, మస్తానమ్మ రాయి నేనే వచ్చి జరిపిస్తా. రెండు రోజులు ఓపిక పట్టండి."

"రేపటితో గడువు అయిపోతాది గదా నాయనా."

"తప్పు మాది గదా! మేమే దిద్దుకునేదానికి ఆమె అర్జీ ఎందుకు? అర్జీ వస్తే ఫైలు పైకి పోతాది, అప్పుడు నా చేతిలో ఉండదు."

నమ్మాడు. నమ్మాలని ఉన్నప్పుడు ఎంతసేపు.

బుధవారం మూడు గంటలకి మస్తానమ్మ నాలుగు మైళ్ళు ఎండలో నడిచి వచ్చింది. బస్సు రాలేదట. బంకు చూరు కింద నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంటూ అడిగింది. "గడువు ఈ పొద్దే గదన్నా. అర్జీ పెట్టాల్నా? రషీదా, ఒక ముక్క రాసియ్యమ్మా, వేలిముద్ర ఏసి లోపల ఇచ్చొస్తా."

రషీదా తండ్రి వంక చూసింది. ఆఫీసు ఇరవై అడుగుల దూరంలో తలుపులు బార్లా తెరుచుకుని ఉంది. తపాలు తీసుకునే గుమాస్తా కిటికీలోంచి కనబడుతున్నాడు.

"అక్కర్లేదులేమ్మా," అన్నాడు బడేసాహెబ్. "సర్వేయరుతో నేను మాట్లాడినా. తప్పు జరిగిందని ఒప్పుకున్నాడు. ఆయనే వచ్చి రాయి జరుపుతానన్నాడు."

"నిజంగానా!" మస్తానమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నీ కడుపు చల్లగుండ అన్నా. నువ్వు మాట్లాడితే అంతే. మా మాట ఎవురు వింటారు?"

ఆ దండం తీసుకున్నాడు ఆయన. అక్కడే నోరు పడిపోయి ఉంటే బాగుండేది.

గురువారం పదకొండు గంటలకి ఆఫీసు అటెండరు గంగులయ్య ఒక చేత్తో మెమో కాగితం, ఇంకో చేత్తో తాళంకప్ప పట్టుకుని వచ్చాడు. రోజూ వచ్చి కబుర్లు చెప్పి పోయే మనిషే. ఇవాళ కళ్ళెత్తి చూడడు. "నన్నేం అనబాకమ్మా. ఇయ్యమన్నారు," అని కాగితం రషీదా చేతిలో పెట్టాడు.

రషీదా పైకి చదివింది. ప్రైవేటు జిరాక్స్ కేంద్రం నిర్లక్ష్యం వల్ల గవ్వలపాళెం షీట్ల నకళ్ళలో కొలతల తేడా వచ్చినట్టు సర్వేయరు నివేదించినందున, సదరు కేంద్రాన్ని ఆఫీసు ఆవరణ నుంచి తక్షణం తొలగించాలి. అది మొదటి పేరా. రెండో పేరా ఇంకా చిన్నది. గడువులోగా ఏ రైతూ రాతపూర్వకంగా ఆక్షేపణ తెలపనందున, ఇప్పటికే నాటిన హద్దు రాళ్ళు ఖరారైనట్టు భావించాలి. పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

ఒకే కాగితం. పైన చూస్తే కొలత తప్పు, కింద చూస్తే అదే కొలత ఖాయం. నాలుగున్నర పాయింట్లు రషీదాని బజారున పడెయ్యడానికి చాలినంత ఉన్నాయి, మస్తానమ్మకి కాలువ ఇవ్వడానికి మాత్రం లేవు. బడేసాహెబ్ ఆ ముక్క తీసుకుని మూడుసార్లు చదివాడు. ఇన్నేళ్ళలో ఎంత చెత్త పేర్చాడో గానీ, ఇంత సిగ్గులేని రెండు పేరాలు ఆయన చేతుల మీదుగా పోలేదు.

"ఆ పెంచలకృష్ణ యాడ?" అన్నాడు.

"సెలవు పెట్టినాడు," అన్నాడు గంగులయ్య. "ఒక రాయి జరిపితే పద్నాలుగూ జరపాలంట. అట్టా కుదరదన్నారు మేడం." మిషను ఆటోలో ఎక్కించేటప్పుడు మాత్రం ఒక కొస తను పట్టాడు.

ఆ సాయంత్రం రషీదా మిషనుని ఇంట్లో ఒక మూలకి నెట్టి దుప్పటి కప్పింది. ఆయనకు తిట్టించుకోవాలని ఉంది. ఆమె తిట్టలేదు. మర్నాడు పొద్దున మాత్రం పరీక్షల అట్ట, తెల్లకాగితాలు, సిరాదిండు సంచిలో పెట్టుకుని, "పోదాం పా," అంది. "ఇద్దరం పోయి చెప్పాల. నేనూ నోరు మూసుకోని ఉన్నదాన్నే."

వాళ్ళు గవ్వలపాళెం చేరేసరికే పొక్లయిను దిగి ఉంది. గుంట కట్ట మీద సుకుమార్ తెల్లచొక్కాతో నిలబడి చేత్తో చూపిస్తున్నాడు. యంత్రం గుంటలోంచి నల్లటి మన్ను ఎత్తి కాలువలో దిమ్మరిస్తోంది. కాలువలో నీళ్ళు ఇంకా ఉన్నాయి, మన్ను పడ్డప్పుడల్లా మస్తానమ్మ కయ్యలోకి తన్నుకొస్తున్నాయి. వరి పొట్టమీద ఉంది. ఆమె మోకాలిలోతు బురదలో నిలబడి, పారతో ఆ నీళ్ళు బయటికి పోకుండా గండి మూస్తోంది. దొరికిన నీళ్ళు దొరికినట్టు నిలుపుకోవడమే ఇక ఆమె చేయగలిగింది.

"చూడు సాయిబూ," అని సుకుమార్ అరిచాడు, గొంతులో కోపమేమీ లేదు. "నేను రాయి దాటి జానెడు కూడా రాలా. రాయి ఏసింది గవర్నమెంటు. నన్నంటే ఏం లాభం?"

మస్తానమ్మ పార గట్టు మీద పొడిచి పైకి వచ్చింది. "సర్వేయరు వస్తానన్నాడంటివే అన్నా? రాత్రి నుంచీ దారి చూస్తా ఉండా."

బడేసాహెబ్ అంతా చెప్పాడు. కాగితం కుదించుకుపోవడం, పద్దెనిమిది రావలసినచోట పదిహేడున్నర రావడం, ఎనిమిదడుగుల మూడంగుళాలు, మెమో. ఆమె లెక్క వినలేదు. ఒక్కటే అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

నిన్న అనవచ్చు. ఆ మాటే అంటాడేమోనని రషీదా కూడా అనుకుంది, అనాలనే కోరుకుంది కూడా.

"సోమారం," అన్నాడు బడేసాహెబ్. "నువ్వు కాయితం ఇచ్చిన పావుగంటకే."

మస్తానమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "సోమారం నేను నీ కాళ్ళకాడే కూర్చోని ఉండా గదన్నా," అంది. "బుధవారం ఆ ఎండన పడి వచ్చి అర్జీ పెట్టాల్నా అని అడిగినా. అక్కర్లేదంటివి."

"నా బిడ్డ బంకు పోతాదని..."

"పోయిందా ఉండాదా?"

"పోయింది."

"ఇంకేం మిగిల్చినావయ్యా!" అంది ఆమె. ఆ ఒక్క మాటకే గొంతు లేచింది, మళ్ళీ తగ్గిపోయింది. యంత్రం చప్పుడులో ఏడిస్తే మాత్రం ఎవరికి వినబడుతుంది. ఆమె రషీదా వైపు తిరిగింది. "అప్పీలంటే ఏందమ్మా? నువ్వు రాయగలవా?"

రషీదా గట్టు మీదే కూర్చుని అట్ట ఒళ్ళో పెట్టుకుంది. ఎన్నో వందల అర్జీలు కొట్టిన చెయ్యి. సర్వే నంబరు, పేరు, ఊరు, హద్దులు చకచకా రాసుకుంటూ పోయింది. లింకులు, అడుగులు, అంగుళాలు తండ్రిని అడగకుండా తనే వేసింది. కాగితం చివరికొచ్చి కలం ఆపింది.

"గడువు దాటి ఎందుకు వచ్చినారో కారణం రాయాల. తప్పు ఏ తేదీన తెలిసిందో కూడా రాయాల."

"సోమారం అని రాయి," అన్నాడు బడేసాహెబ్. "నేనే దాచిపెట్టినానని రాయి. నా తప్పని సంతకం పెడతా. ఆమె నిర్దోషి అని తెలుస్తాది."

"అట్టా రాస్తే కొట్టేస్తారు నాయనా," అంది రషీదా నెమ్మదిగా. "గడువులోపల మీ మనిషికి తెలుసు గదా, ఎందుకు పెట్టలేదంటారు. నువ్వు ఆమె తరపున మాట్లాడినావని నువ్వే రాసిస్తే ఆ సర్వేయరూ ఔనంటాడు, లేకుంటే తనకీ ముందే తెలుసని బయటపెట్టుకోడు."

బడేసాహెబ్ మస్తానమ్మ కాళ్ళ వైపు చూశాడు. బురద ఎండి పగుళ్ళు ఇస్తోంది. "నేను నిజం చెప్పేదానికే వచ్చినానమ్మా," అన్నాడు. "అంత దూరం నుంచి అందుకే వచ్చినా."

"నీ నిజం నాకు సోమారం కావాల్సి ఉన్నింది," అంది మస్తానమ్మ. "శుక్రవారం తెచ్చి ఇస్తే నేనేం చేసుకోవాల? అది నా కయ్యకి నీళ్ళు పెడతాదా? బేస్తవారం అని రాయమ్మా. నిన్న మెమో వచ్చినాకనే తెలిసిందని రాయి. సాక్షి సంతకం ఈయనదే పెట్టించు."

రషీదా రాసింది. గురువారం, తేదీ, మెమో నంబరు. మస్తానమ్మ బొటనవేలు పైటకి తుడుచుకుని ముద్ర వేసింది. అట్ట బడేసాహెబ్ చేతికి వచ్చింది. కలం పట్టుకుని ఆయన కాసేపు కదల్లేదు. క్షమించానని ఆమె ఒక్క మాట అని ఉంటే ఈ అబద్ధం తేలికగా పెట్టేసేవాడేమో. తిట్టినా పెట్టేసేవాడు. ఆమె మాత్రం కలం ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ నిలబడింది.

"పెట్టన్నా. ఇంకా కాలవ సగం పూడలా."

పెట్టాడు. షేక్ బడేసాహెబ్ అను నాకు పై సంగతి గురువారం నాడు మాత్రమే తెలిసినది అని తన చేత్తో రాసి, కింద పేరు రాశాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. మస్తానమ్మ సంతకం తడి ఆరేదాకా కాగితాన్ని ఎండలో పట్టుకుంది.

"నెల్లూరు బస్సు ఎన్నింటికమ్మా?"

"పదకొండున్నరకి."

"నువ్వు నాతో రా. నాకా ఆఫీసు తెలవదు." పార తీసి కయ్య నీళ్ళలో కడిగి గట్టు మీద పడేసింది. ఆడవాళ్ళిద్దరూ రోడ్డు వైపు నడిచారు. బడేసాహెబ్ గట్టు మీద నిలబడే ఉన్నాడు. ఆయన్ని రమ్మని ఎవరూ అనలేదు.